ఎన్నికల వ్యాఖ్యానంలో కర్త ఎవరు?

ఎన్నికల కాలంలో వెలువడే రాజకీయ వ్యాఖ్య కూడా ఒక రచనే. దానికీ వస్తువు ఉంది, రూపం ఉంది, కంఠస్వరం ఉంది. కథనూ కవితనూ విమర్శకు పెట్టే మనం ఈ రచనను మాత్రం వార్త అనుకుని వదిలేస్తున్నాం. ఒక కవితా సంపుటి వెయ్యి మందికి చేరితే గొప్ప. ఎన్నికల నెలలో ఒక వ్యాఖ్య ఒక్క సాయంత్రంలో లక్షల ఇళ్లలోకి పోతుంది. ప్రజల ఆలోచనను మలచే శక్తి దేనికి ఎక్కువగా ఉందో దానిపై విమర్శకుడి దృష్టి అంత ఎక్కువగా పడవలసి ఉంటుంది. తెలుగు వ్యాకరణం బోధించి బతికే మనిషిని కనుక నాకు చేతనైన పనిముట్టుతోనే ఈ పరిశీలనకు పూనుకుంటున్నాను. నేను వేసే ప్రశ్న ఒక్కటే: ఈ వ్యాఖ్యల వాక్యాల్లో కర్త ఎవరు? ప్రజలు ఏ విభక్తిలో ఉన్నారు?

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. వ్యాఖ్యకు పక్షం ఉండడం దోషం కాదు. వర్గాలుగా చీలిన సమాజంలో ఏ పక్షమూ లేని రచన ఉండదు. సురవరం ప్రతాపరెడ్డి 1926లో స్థాపించిన గోలకొండ పత్రికకు పక్షం ఉంది. అది నిజాం రాజ్యంలో తెలుగువారి పక్షం. 1952లో విజయవాడ నుంచి దినపత్రికగా మొదలైన విశాలాంధ్రకు పక్షం ఉంది. అది కమ్యూనిస్టు పార్టీ పక్షమని మొదటి పుటలోనే తెలుస్తుంది. 1955 ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికల్లో ఒకవైపు విశాలాంధ్ర, మరొకవైపు ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక వంటి పత్రికలు హోరాహోరీగా రాశాయి. ఆ ఎన్నికల్లో కమ్యూనిస్టులకు దాదాపు 31 శాతం ఓట్లు పడ్డాయి. 196 స్థానాల్లో దక్కినవి 15. కాంగ్రెస్ నాయకత్వాన ఏర్పడిన ఐక్య సంఘటనకు 146 వచ్చాయి. ఆ రాతల్లో నిందలు లేవని కాదు. అయితే భూమి ఎవరిది, రాజ్యం ఎవరిది అనే ప్రశ్న మీదనే ఇరుపక్షాలూ తలపడ్డాయి. చదువరికి తాను ఎవరి మాట వింటున్నాడో తెలిసేది.

ఆ తర్వాత పత్రికకూ పార్టీకీ ఉన్న సంబంధం వేరే రూపం తీసుకుంది. 1983లో తెలుగుదేశం గెలుపు వెనుక ఈనాడు పాత్ర జగమెరిగినది. 2008లో వై.ఎస్. కుటుంబం చేతుల మీదుగా సాక్షి వచ్చింది. 2011లో తెలంగాణ ఉద్యమ కాలంలో పుట్టిన నమస్తే తెలంగాణ, తెలంగాణ రాష్ట్ర సమితికి దగ్గరి పత్రికగా నిలిచింది. ఏ పత్రిక ఎవరిదో టీకొట్టు దగ్గర కూర్చున్నవాడికి కూడా తెలుసు. అయినా ప్రతిదీ తాను నిష్పాక్షికమనే చెప్పుకుంటుంది. పక్షం ఉండడం కాదు, పక్షాన్ని దాచి పెట్టి దానికి నిజమనే పేరు పెట్టడం ఇక్కడి దోషం. ఈ దాపరికం భాషలో ఎట్లా జరుగుతుందో తెలుసుకోవడానికి నాకు బాగా పరిచయమైన ఒక నేలను, ఒక ఎన్నికను ఉదాహరణగా తీసుకుంటాను.

పేరు ఒకటి, నేల మరొకటి

హైదరాబాదులో రహమత్ నగర్ జూబ్లీహిల్స్ శాసనసభ నియోజకవర్గంలో ఉంది. జూబ్లీహిల్స్ అనగానే పాఠకుడి మనసులో మెదిలేది సినీతారల భవంతులు, ఎత్తయిన ప్రహరీలు, విదేశీ కార్లు. నిజానికి ఆ భవంతులు, ఫిలింనగర్ సహా చాలా భాగం, పక్కనున్న ఖైరతాబాదు నియోజకవర్గంలోకి పోయాయి. 2008 నాటి పునర్విభజనలో ఖైరతాబాదు నుంచి విడదీసి జూబ్లీహిల్స్ అని పేరు పెట్టిన నియోజకవర్గంలోకి వచ్చినవి ఎక్కువగా యూసుఫ్‌గూడ, బోరబండ, రహమత్ నగర్, ఎర్రగడ్డ, వెంగళరావు నగర్, షేక్‌పేట వంటి బస్తీలు, దిగువ మధ్యతరగతి కాలనీలు. రహమత్ నగర్‌లో బండరాళ్ల గుట్ట మీద ఇల్లు మీద ఇల్లుగా కట్టుకున్న వరసలు. రెండు మోటారు సైకిళ్లు ఎదురైతే ఒకటి ఆగవలసిన గల్లీలు. మేస్త్రీలు, ఆటో నడిపేవాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, టైలర్లు, చిరుద్యోగులు. కృష్ణానగర్ దగ్గరే కనుక లైట్లు మోసేవాళ్లు, సెట్లు కొట్టేవాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు, ప్రొడక్షన్ కుర్రాళ్లు ఈ చుట్టుపక్కల కాలనీల్లో అద్దెకు ఉంటారు. ఇక్కడ ఒక కాలనీ పేరే కార్మికనగర్.

పేరు భవంతులది, ఓటు బస్తీది. ఈ తేడాను మరుగుపరచడంతోనే వ్యాఖ్య తన పని మొదలుపెడుతుంది. 2025 నవంబరు 11న ఇక్కడ ఉప ఎన్నిక జరిగింది. 48.49 శాతం పోలింగు నమోదైంది. వెంటనే వినిపించిన మాట: ఖరీదైన వాళ్లకు ఓటు మీద శ్రద్ధ లేదు, జూబ్లీహిల్స్ నిద్రపోయింది అని. కోటీశ్వరులు ఓటు వేయకపోతే వేయకపోయారు, వాళ్ల పనులు ఓటుతో ఆగవు. కాని ఈ నియోజకవర్గంలో ఓటు వేయని సగం మందిలో ఎక్కువ భాగం బస్తీవాళ్లే కాక తప్పదు. ఇల్లు మారితే పేరు జాబితాలో మారని అద్దెదారు, సొంత ఊళ్లో పేరు ఉంచుకున్న వలస కూలీ, ఒక పూట పోతే ఆ పూట కూలి పోయే మనిషి ఈ లెక్కలో ఉన్నారు. ఎవడు గెలిచినా మా నల్లా నీళ్లు ఇంతే అని విసిగినవాడూ ఉన్నాడు. ‘నిద్ర’ అనే ఒక్క మాట వీళ్లందరినీ చెరిపేసింది. ఒక సామాజిక కారణం వెతకవలసిన చోట ఒక స్వభావదోషం దొరికింది.

అభ్యర్థులు, జెండాలు

ఎన్నిక నేపథ్యాన్ని క్లుప్తంగా చెప్పాలి. 2014లో తెలుగుదేశం నుంచి గెలిచి, తర్వాత తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరి, 2018లోనూ 2023లోనూ గెలిచిన మాగంటి గోపీనాథ్ 2025 జూన్ 8న మరణించారు. ఆయన భార్య మాగంటి సునీత భారత రాష్ట్ర సమితి అభ్యర్థి. వి. నవీన్ యాదవ్ కాంగ్రెస్ అభ్యర్థి. 2014లో ఆయన ఇక్కడే మజ్లిస్ తరఫున పోటీచేసి రెండో స్థానంలో నిలిచారు. భారతీయ జనతా పార్టీ లంకల దీపక్ రెడ్డిని నిలిపింది. మొత్తం 58 మంది బరిలో ఉన్నారు. నవంబరు 14న లెక్కింపు. నవీన్ యాదవ్‌కు 98,988, సునీతకు 74,259, దీపక్ రెడ్డికి 17,061 ఓట్లు వచ్చాయి. మెజారిటీ 24,729.

2009లో ఇక్కడ కాంగ్రెస్ నుంచి గెలిచిన విష్ణువర్ధన్ రెడ్డి 2023లో భారత రాష్ట్ర సమితిలోకి వెళ్లారు. అంటే పదహారేళ్లలో ప్రధానమైన అభ్యర్థులలో పలువురు జెండా మార్చినవారే. జెండా మారినప్పుడల్లా వ్యాఖ్యాత నిన్నటి నిందను ఇవాళ స్తుతిగా మార్చుకోవలసి వస్తుంది. అందుకే ఇటువంటి వ్యాఖ్యలో సిద్ధాంతం నిలవదు, విశేషణాలే నిలుస్తాయి. ‘ప్రజానాయకుడు’, ‘అవకాశవాది’ అనే రెండు విశేషణాలు ఒకే మనిషి చుట్టూ తిరుగుతుంటాయి. విశేష్యం మారలేదు, దాని చేతిలోని జెండా మారిందంతే.

ఒకే మాట, ఇద్దరు యజమానులు

పక్షపాత వ్యాఖ్య చేసే రెండో పని మాటను దాని అర్థం నుంచి విడదీయడం. 2025 ఆగస్టులో రాహుల్ గాంధీ కర్ణాటకలోని మహదేవపుర ఓటరు జాబితాను చూపి ‘ఓటు చోరీ’ అన్నారు. ఆ మాట దేశమంతా పాకింది. కొంత కాలానికే జూబ్లీహిల్స్‌లో దొంగ ఓట్లు చేర్చారని భారత రాష్ట్ర సమితి అదే మాటను కాంగ్రెస్ మీద ప్రయోగించింది. ఢిల్లీలో ఫిర్యాదిదారు, హైదరాబాదులో ముద్దాయి. ఢిల్లీలో అది ప్రజాస్వామ్యానికి గొడ్డలిపెట్టు అని రాసిన కలం ఇక్కడ ఓటమి భయం అని రాసింది. ఇక్కడ గగ్గోలు పెట్టిన కలానికి అక్కడ అది వినోదం. ఓటరు జాబితా నిజంగా ఎట్లా తయారవుతుంది, ఇల్లు మారిన పేదవాడి పేరు ఎట్లా పోతుంది అన్న ప్రశ్న మాత్రం రెండు చోట్లా అడిగినవాళ్లు అరుదు.

వెనుకబడిన తరగతుల రిజర్వేషన్ విషయం ఇంకా విచిత్రం. స్థానిక సంస్థల్లో 42 శాతం కల్పిస్తూ రాష్ట్ర ప్రభుత్వం 2025 సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వును అక్టోబరు 9న హైకోర్టు నిలిపివేసింది. అక్టోబరు 18న బంద్ జరిగింది. కాంగ్రెస్, భారత రాష్ట్ర సమితి, భారతీయ జనతా పార్టీ అన్నీ ఆ బంద్‌ను బలపరచాయి. రాష్ట్రాన్ని ఏలే పార్టీ, కేంద్రాన్ని ఏలే పార్టీ, నిన్నటి దాకా ఏలిన పార్టీ ముగ్గురూ రోడ్డెక్కి నినదిస్తే, ఆ నినాదం వినవలసినవాడు ఎవడు? అందరూ అడిగేవాళ్లే అయినచోట ఇవ్వవలసినవాడు మాయమవుతాడు. ఆ మర్నాటి వ్యాఖ్యల్లో ప్రతి పక్షం మిగిలిన ఇద్దరిదే తప్పని రాసుకుంది.

‘మేము’, ‘మనము’

తెలుగు భాషకు ఒక సొగసు ఉంది. వినేవాణ్ని కలుపుకుంటే ‘మనము’, విడిచిపెడితే ‘మేము’. ఏడో తరగతి పిల్లవాడు కూడా ఈ రెంటినీ పొరబాటుగా వాడడు. ఎన్నికల ప్రసంగాన్ని ఈ రెండు మాటలతో కొలిచి చూడండి. ఓటు అడిగేటప్పుడు ‘మన పార్టీ, మన అభ్యర్థి, మనం గెలవాలి’. పథకాల ప్రస్తావన రాగానే ‘మేము ఇచ్చాం, మేము కట్టించాం, మేము పెంచాం’. అడగడంలో మనల్ని కలుపుకుంటారు, ఇవ్వడంలో విడిచిపెడతారు. గెలిచే శ్రమ ఉమ్మడిది, ఇచ్చిన కీర్తి వాళ్లదే. ప్రజలు కర్త స్థానం నుంచి జారి ‘ప్రజలకు’ అని సంప్రదానంలోకి వస్తారు. చేయి చాచి పుచ్చుకునే స్థానం అది. దానికే ఇప్పుడు ‘లబ్ధిదారులు’ అని గౌరవవాచకం పెట్టారు.

ఇందుకు సినీ కార్మికుల ఉదంతమే బలమైన నిదర్శనం. 2025 ఆగస్టు 4 నుంచి తెలుగు చిత్రసీమ కార్మికులు షూటింగులు ఆపారు. 30 శాతం వేతనం పెంచాలన్నది కోరిక. పద్దెనిమిది రోజులు పొయ్యి వెలిగిందో లేదో వాళ్లకే తెలుసు. ఆగస్టు 21న, ప్రభుత్వ జోక్యంతో కార్మిక శాఖ సమక్షాన ఒప్పందం కుదిరింది. మూడేళ్లలో విడతలుగా 22.5 శాతం. రోజుకు 2,000 లోపు కూలి వచ్చేవారికి మొదటి ఏడు 15, రెండో ఏడు రెండున్నర, మూడో ఏడు 5 శాతం. అడిగినదంతా రాలేదు; కాని వచ్చినంత వరకు అది పని ఆపిన చేతులు సంపాదించుకున్నది. ఈ వాక్యానికి కర్త కార్మికుడు.

అక్టోబరు 28న, ఉప ఎన్నిక ముంగిట, యూసుఫ్‌గూడలో ఆ కార్మికుల సంఘాలే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డికి సన్మానం చేశాయి. టికెట్ ధరలు పెంచుకోవడానికి అనుమతిస్తే ఆ పెంపు ఆదాయంలో 20 శాతం కార్మికుల సంక్షేమానికి ఇవ్వాలని, సంక్షేమ నిధికి 10 కోట్లు ఇస్తామని, కృష్ణానగర్ ప్రాంతంలో బడి కట్టిస్తామని ఆయన అక్కడ ప్రకటించారు. మర్నాటి అనుకూల వ్యాఖ్యల్లో అది వరం, ప్రతికూల వ్యాఖ్యల్లో అది ఎర. వరమన్నా ఎర అన్నా వాక్యనిర్మాణం ఒక్కటే. రెంటిలోనూ కార్మికుడు పుచ్చుకునేవాడే. ఆగస్టులో కర్తగా ఉన్న మనిషిని అక్టోబరు నాటికి ఇరుపక్షాలూ కలిసి సంప్రదానంలోకి దించాయి.

ఆ 20 శాతం లెక్కను ఇంకాస్త లోతుగా చూడాలి. పెరిగిన టికెట్ ధర ఎవరి జేబులోంచి వస్తుంది? మొదటి వారం సినిమాకు పోయే కుర్రాళ్ల జేబులోంచి. వాళ్లలో రహమత్ నగర్ కుర్రాళ్లూ ఉన్నారు. నూరు రూపాయలు అదనంగా వసూలైతే ఇరవై కార్మికుడి నిధికి పోతాయి, ఎనభై వ్యాపారానికి మిగులుతాయి. నిర్మాత లాభంలో వాటా అడగవలసిన చోట ప్రేక్షకుడి మీద పన్ను వేసి, దానికి కార్మిక సంక్షేమమని పేరు పెట్టినట్టయింది. పైగా ఇక నుంచి టికెట్ ధర పెరగాలని కార్మికుడే కోరుకోవాలి. ఒక బస్తీవాడి మేలును మరో బస్తీవాడి ఖర్చుకు ముడివేసే ఈ ఏర్పాటును విప్పి చెప్పడమే వ్యాఖ్యాత చేయవలసిన పని. వరమా ఎరా అన్న రభసలో ఆ పని మిగిలిపోయింది. మా బడి పిల్లవాడి తండ్రి, లైట్‌మ్యాన్, నాతో అన్న మాట ఎన్నో సంపాదకీయాలకు సాటి: “కొట్లాడి తెచ్చుకున్నది మేము గద సార్, మళ్ల ఇచ్చినం అంటరేంది?”

ఈ వ్యాకరణం ఒక్క పార్టీది కాదు. భారత రాష్ట్ర సమితి ‘బాకీ కార్డు’ పంచింది. మహిళలకు నెలకు 2,500, పింఛను 4,000 వంటి కాంగ్రెస్ హామీలు ఎంత బాకీ పడ్డాయో అందులో లెక్క కట్టింది. ఓటరును అప్పు వసూలు చేసుకునేవాడిగా నిలబెట్టడం కొంత మేలే. కాని 2014 నుంచి 2023 దాకా ఏలిన పార్టీ తన బాకీలను ఏ కార్డు మీద రాసింది? ‘కారు కావాలా, బుల్డోజర్ కావాలా’ అని అడిగినప్పుడు హైడ్రా కూల్చివేతల భయం నిజమైనదే. అయితే గుట్ట మీద ఇంటికి పట్టా ఎందుకు రాలేదన్న ప్రశ్న కారు దాకా కూడా పోతుంది. ఇక కేంద్రాన్ని చూడండి. 2017 జూలై నుంచి వసూలు చేసిన వస్తుసేవల పన్నును 2025 సెప్టెంబరు 22న తగ్గించి, దానికి పండుగ కానుక అని పేరు పెట్టారు. మన దగ్గర తీసుకున్నదాంట్లో కొంత తగ్గిస్తే అది కానుక అయింది. ఢిల్లీ నుంచి గల్లీ దాకా ‘ఇచ్చాం’ అనే క్రియ ఒక్కటే.

ఓట్లుగా కరిగిపోయిన మనుషులు

ఇంకొక పద్ధతి లెక్కల రూపంలో వస్తుంది. టీవీ తెర మీద రహమత్ నగర్ కనబడేది మనుషులుగా కాదు, ఫలానా కులం ఇన్ని వేలు, ఫలానా మతం ఇన్ని వేలు అని. 2023లో ఇక్కడ కాంగ్రెస్ అభ్యర్థిగా 16,337 ఓట్ల తేడాతో ఓడిన అజారుద్దీన్ 2025 అక్టోబరు 31న మంత్రిగా ప్రమాణం చేశారు. మజ్లిస్ కాంగ్రెస్‌ను బలపరచింది. ఒక పక్షం వ్యాఖ్యాతకు ఇది సామాజిక న్యాయం, ఇంకొక పక్షానికి సంతుష్టీకరణ, మూడో పక్షానికి ఎన్నికల ఎత్తుగడ. ముస్లిం టైలరుకు మంత్రివర్గంలో తనవాడు ఉండడం అక్కర్లేదని నేను అనను; ప్రాతినిధ్యం హక్కు. కాని ఆ టైలరూ, పక్క గదిలో ఉండే యాదవ మేస్త్రీ, పై వాటాలోని మాదిగ ఇంటిపని మనిషి ఒకే యజమానికి అద్దె కడతారు, ఒకే ట్యాంకరు కోసం బిందెలు పెడతారు. తెర మీది పట్టికలో వాళ్లు మూడు వేర్వేరు గడుల్లో ఉంటారు. నిత్యజీవితంలో కలిసి ఉన్నవాళ్లను వ్యాఖ్య విడదీస్తుంది; కలిసి అడిగే ప్రశ్న ఆ పట్టికలో ఏ గడిలోనూ పట్టదు.

ఫలితం వచ్చిన రోజున చివరి అంకం. ఆ రోజే బీహార్ ఫలితాలూ వచ్చాయి. అక్కడ ఎన్.డి.ఏ. ఘనంగా గెలిచింది, ఇక్కడ కాంగ్రెస్ గెలిచింది. ఒకే సాయంత్రం, ఒకే పార్టీ సానుభూతిపరులకు బీహార్ ఫలితం యంత్రాంగం మాయ, జూబ్లీహిల్స్ ఫలితం ప్రజాతీర్పు. ఎదుటి పక్షానికి సరిగ్గా తలకిందులు. గెలిచినచోట ‘ప్రజలు విజ్ఞులు’, ఓడినచోట ‘ప్రజలు అమ్ముడుపోయారు’. ప్రజల బుద్ధి ఓట్ల లెక్కింపుతో పాటు పెరిగీ తరిగీ పోతుందా?

పాఠకుడు చేయవలసింది

అట్లాగని అన్ని పార్టీలూ ఒకటేనని చేతులు దులుపుకోవడం నా ఉద్దేశం కాదు. ఆ మాట కూడా ఒక పక్షమే. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచాలనే పక్షం. వ్యాఖ్యాతను నిష్పాక్షికంగా ఉండమని నేను అడగను. నీ పక్షం చెప్పి మాట్లాడమంటాను. పాఠకుడిని మాత్రం నాలుగు ప్రశ్నలు దగ్గర ఉంచుకోమంటాను. ఈ వాక్యంలో కర్త ఎవరు? ఇదే మాట పక్క రాష్ట్రంలో ఎదుటి పక్షం అంటే ఈ వ్యాఖ్యాత ఏమనేవాడు? ఇచ్చానన్నది ఎవరి జేబులోంచి వచ్చింది? ఈ లెక్క ఎవరిని ఎవరి నుంచి విడదీస్తోంది?

ఇవి విశ్వవిద్యాలయంలో చదివినవాళ్లకే అందే ప్రశ్నలు కావు. పదో తరగతి పిల్లలకు కర్తరి, కర్మణి వాక్యాలు చెప్పేటప్పుడు పత్రికా శీర్షికలు ఇచ్చి కర్తను గుర్తించమంటే చక్కగా గుర్తిస్తారు. ‘ఇళ్లు కూల్చబడ్డాయి’ అన్న వాక్యం రాసి కూల్చినది ఎవరని అడిగితే, వాక్యంలో లేదు సార్ అంటారు. ఎందుకు లేదు అన్నదే అసలు పాఠం. ప్రగతిశీల విమర్శ ఇన్నాళ్లు కథల్లో నాయకుడెవరో వెతికింది. ఆ వెతుకులాటను రోజూ చదివే వార్తా వాక్యంలోకి కూడా తీసుకుపోవాలి. రహమత్ నగర్ గుట్ట మీద నీళ్లకూ పట్టాకూ కూలికీ రేపు జరిగే పోరాటాలను రాసేటప్పుడు, ఆ వాక్యాలకు కర్తలు అక్కడి మనుషులేనని రాయడం మన బాధ్యత. గెలిచినది వాళ్లయితే ‘ఇచ్చాం’ అనే మాటను అంగీకరించకూడదు. ‘తెచ్చుకున్నారు’ అని దిద్దాలి.